పొట్ట మీద గడ్డలు, దిగని షుగరు: నా అనుభవం

హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగరు సగటు చెప్పే టెస్టు, 10.8 అని రిపోర్టు వచ్చేనాటికి నాకు షుగరు మొదలై 12 ఏళ్లు, ఇన్సులిన్ మొదలై 4 ఏళ్లు. మందులు మానింది లేదు. రెండు పూటలా మెట్‌ఫార్మిన్ మాత్ర, రెండు పూటలా ఇంజక్షన్. అప్పుడప్పుడు పరగడుపున ల్యాబ్‌కి వెళ్లి రక్తం ఇచ్చేదాన్ని. 130, 145, మహా అయితే 150 వచ్చేది. "పరవాలేదమ్మా, ఇవే వాడండి" అనేవారు. ఆ మాట పట్టుకుని ఏళ్లు గడిచిపోయాయి.

మేం ఉండేది ఒడిశాలో, గజపతి జిల్లా పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆసుపత్రిలో రెండూ. మా వైపు వాళ్లకి వైద్యం కూడా రెండు రాష్ట్రాల్లోనూ ఉంటుంది. ఒకసారి టెక్కలి, ఒకసారి శ్రీకాకుళం, పెద్ద జబ్బయితే బరంపురం, లేదంటే విశాఖపట్నం. చుట్టాలు ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోతాం. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. ఏ డాక్టరు దగ్గరా మన కాగితాలన్నీ ఉండవు. ఒకరు పెంచిన డోసు ఇంకొకరికి తెలియదు. షుగరు లాంటి జబ్బుకి అన్నేళ్ల లెక్కా ఒకచోట ఉండాలి, మాకు అది కుదరదు. అందుకే ఇది రాస్తున్నాను.

షుగరు అదుపు తప్పిందని శరీరం చెబుతూనే ఉంటుంది. అయితే అన్నీ ఒకేసారి చెప్పదు. రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి వచ్చేది, వయసు అనుకున్నాం. నోరు ఎండిపోయి మంచం పక్కన చెంబు పెట్టుకునేదాన్ని, ఎండాకాలం కదా అనుకున్నాం. ఒళ్లు తగ్గింది, జాకెట్లు వదులయ్యాయి, పెళ్లిలో కనబడ్డవాళ్లు బాగా సన్నబడ్డావని మెచ్చుకున్నారు. అరికాళ్లు రాత్రిపూట మండేవి. కింద, మూత్రం పోసే చోట దురద. మందు రాస్తే తగ్గి, మళ్లీ వచ్చేది. ఇది ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోరు కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను. మాటిమాటికీ ఆ దురద, తెల్లటి పొర వస్తుంటే పూతమందు ఒక్కటే సరిపోదు, షుగరు చూపించుకోవాలి. మూత్రంలో చక్కెర పోతుంటే ఆ ఫంగస్ వదలదు.

వీటన్నిటినీ కలిపి చూసింది కళ్లద్దాల షాపాయన. నెలల తేడాలో రెండోసారి పవర్ మారింది నాకు. అద్దాలు చెయ్యనన్నాడు. "అమ్మా, ఇప్పుడు చేసినా మళ్లీ మారిపోద్ది. ముందు షుగరు చూపించుకోండి. మామూలు టెస్టు కాదు, మూడు నెలలదని ఉంటుంది, అది" అన్నాడు. షుగరు బాగా ఎక్కువైతే కంటిలోని కటకం నీరు పట్టి దాని ఆకారం మారుతుందట, అందుకే పవర్ కూడా మారుతుందట. ఒక బేరం వదులుకుని నాకు దారి చూపించిన మనిషి ఆయన.

ఆ మూడు నెలల టెస్టే హెచ్‌బీఏ1సీ. రక్తంలో ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. బతికినన్నాళ్లూ రక్తంలో తిరిగే చక్కెర దానికి అంటుకుంటూ ఉంటుంది. ఎంత అంటుకుందో చూస్తే గడిచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. నా 10.8 అంటే సగటున 263 దగ్గర తిరుగుతోందన్నమాట. పరగడుపున 140 ఉండే మనిషికి సగటు 263 ఎలా వస్తుంది? పొద్దున ఒక్క గంటలో చూసే షుగరు ఆ గంట సంగతే చెబుతుంది. టిఫిన్ తర్వాత, భోజనం తర్వాత, సాయంత్రం టీ తర్వాత ఏం జరుగుతోందో దానికి తెలియదు. నాకు ఎక్కువగా ఉన్నదంతా పగలే.

డాక్టరు ముందు వేరే ప్రశ్న అడిగారు. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ ఉందా, మీకు రక్తం తక్కువ ఉందా అని. సికిల్ సెల్ అంటే ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు, ఒడిశాలో అది ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఎర్రకణాలు తొందరగా చనిపోయే జబ్బులుంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు, ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో ఎక్కువ చూపించవచ్చు. నాకు సికిల్ లేదు, హిమోగ్లోబిన్ బాగానే ఉంది. కాబట్టి 10.8ని నమ్మాల్సిందే. మా చుట్టుపక్కల జిల్లాల వాళ్లు ఈ ప్రశ్న గుర్తుపెట్టుకుంటే మంచిది. డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి.

ఇక ఇంట్లో సంగతి. 10.8 అనగానే అందరూ నా కంచం వైపు చూశారు. మా ఆడపడుచు వచ్చినప్పుడు "వదినా, ఎవరూ చూడనప్పుడు ఏటైనా తింటున్నావా" అని అడిగింది. ప్రేమగానే అడిగింది. మా ఆయన బెల్లం డబ్బా పైఅరలోకి ఎక్కించారు. మేం అప్పట్లో చూపించుకుంటున్న ఒక డాక్టరయితే నా ముఖం కూడా చూడకుండా "తిండి కంట్రోల్ లేదు" అని రాసి డోసు పెంచేశారు. పొద్దున 20 యూనిట్లు ఉన్నది 24 అయింది, తర్వాత 30 అయింది. రాత్రిది 12 నుంచి 18కి వెళ్లింది. షుగరు మాత్రం దిగలేదు. ఒక్కోరోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక ఉన్నట్టుండి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగి వంటింట్లోనే కూలబడిపోయేదాన్ని. చూస్తే 58. మర్నాడు అదే వేళకి 290.

ఆ రోజుల్లో నేను తినే తిండి తగ్గిస్తూ పోయాను. ఫంక్షన్లకి వెళ్లడం మానేశాను. నలుగురిలో కూర్చుంటే నా ఆకు మీదే అందరి చూపూ ఉంటుందని టెన్షన్. షుగరు ఉన్నవాళ్లకి జబ్బు ఒక బరువు, దొంగతనంగా తింటున్నారన్న అనుమానం ఇంకో బరువు. రెండోది నిజంగా చాలా బాధ పెడుతుంది. దానివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. తప్పు తిండిదేనని అందరూ తీర్మానించేశాక, వేరే కారణం ఎవరూ వెతకరు.

వెతికింది ఒక నర్సమ్మ. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ, షుగరు వాళ్లకి వేరే గది ఉంటుంది. అక్కడ చూసి మందులు కూడా ఉచితంగా ఇస్తారు. ఒడిశాలో నిరామయ పథకం 2015లో వచ్చింది, ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల కౌంటరు దానిదే. ఆ గదిలో ఉండే ఒడియా అమ్మాయికి తెలుగు బాగానే వచ్చు. నన్ను మావుసీ అని పిలుస్తుంది, అంటే పిన్ని. నా కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసి, "ఇందులో పరగడుపు లెక్కలే ఉన్నాయి మావుసీ. వారం పాటు ఇంట్లో మిషన్‌తో చూసి రాసుకొని రండి. తినే ముందు, తిన్న రెండు గంటలకి, పడుకునే ముందు. ఏం తిన్నారో, ఎన్ని యూనిట్లు వేసుకున్నారో, ఎక్కడ వేసుకున్నారో కూడా రాయండి" అంది.

గ్లూకోమీటరు కంటే స్ట్రిప్పుల ఖర్చే ఎక్కువ, అది నిజం. రోజూ అన్నిసార్లు జీవితాంతం గుచ్చుకోనక్కర్లేదు. కారణం దొరికేదాకా ఒక వారం గట్టిగా చూడటం, తర్వాత డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవడం. మా అబ్బాయి పాత స్కూలు నోటుబుక్కులో గళ్లు గీసిచ్చాడు. తెలుగులోనే రాశాను. అంకెలు ఎవరికైనా అర్థమవుతాయి కదా.

ఆ పుస్తకంలో సోమవారం, బుధవారం పొద్దున తిన్నది ఒకటే, రెండు ఇడ్లీ, కొబ్బరి లేని చట్నీ. డోసు ఒకటే, 30 యూనిట్లు. తిన్న రెండు గంటలకి సోమవారం 312, బుధవారం 168. తేడా ఒక్కటే. సోమవారం బొడ్డుకి కుడిపక్క వేసుకున్నాను, బుధవారం తొడకి. నర్సమ్మ ఆ రెండు వరసల కింద పెన్నుతో గీత గీసింది. "ఒకే తిండి, ఒకే మందు. ఇది తిండి తప్పు కాదు మావుసీ. పొట్ట చూపించండి" అంది.

తెర వెనక పడుకోబెట్టి చేత్తో తడిమింది. బొడ్డుకి రెండు పక్కలా, ఒక్కోటి నిమ్మకాయంత, మెత్తగా రబ్బరులా గడ్డలు. నా చెయ్యి పట్టుకుని నాతో కూడా తడిమించింది. స్నానం చేసేటప్పుడు అవి నాకు తగులుతూనే ఉండేవి. కొవ్వు అనుకునేదాన్ని. కొవ్వే అది, కాకపోతే ఇన్సులిన్ వల్ల పెరిగిన కొవ్వు. మళ్లీ మళ్లీ ఒకే చోట ఇన్సులిన్ పడితే అక్కడ చర్మం కింద కొవ్వు అలా గడ్డ కడుతుంది. డాక్టర్లు దీన్ని లైపోహైపర్‌ట్రోఫీ అంటారు. అందులో వేసిన ఇన్సులిన్ ఒకరోజు సరిగ్గా ఎక్కదు, ఒకరోజు ఆలస్యంగా ఎక్కుతుంది, ఒక్కోసారి అనుకోని వేళ రక్తంలోకి దిగుతుంది. నా 290లూ, మధ్యాహ్నం 58లూ రెండూ అక్కడివే. గడ్డ కట్టినచోట సూది నొప్పి తెలియదు. నొప్పి లేదు కదా అని చెయ్యి దానంతటదే అక్కడికే పోతుంది. అలా గడ్డ ఇంకా పెరుగుతుంది.

4 ఏళ్లలో ఒక్కరు కూడా నా పొట్ట చూడలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టినప్పుడు సూది ఎలా వేసుకోవాలో చూపించింది మెడికల్ షాపు కుర్రాడు, అదీ తన పొట్ట మీద చొక్కా పైనుంచి. "బొడ్డు పక్కన పొడవండి" అన్నాడు. అంతే నా చదువు. ఆ కుర్రాణ్ణి అనలేను, అది అతని పని కాదు. ఇన్సులిన్ రాసేవాళ్లు అది ఒంట్లోకి ఎలా వెళ్తోందో కూడా చూడాలి. డోసు పెంచే ముందు పొట్ట తడమాలి. రెండు నిమిషాల పని అది.

ఆ రోజు నుంచి సూది వేసుకోవడం మొదటినుంచీ మళ్లీ నేర్చుకున్నాను.

అన్నిటికంటే ముందు నర్సమ్మ చెప్పింది డోసు సంగతి. గడ్డలో వేసే 30 యూనిట్లనే మంచి చోట వేస్తే మొత్తం ఒక్కసారిగా ఒంటికి పడుతుంది, షుగరు ప్రమాదంగా పడిపోవచ్చు. అందుకే నన్ను డాక్టరు గదికి తీసుకెళ్లింది. ఆయన పొద్దున డోసు 22కి, రాత్రిది 14కి దించారు. ఇవి నా ఒంటికి ఆయన చూసి రాసిన అంకెలు, ఇంకెవరూ వీటిని వాడకూడదు. నేను చెప్పేది ఒక్కటే. గడ్డలున్నాయని తెలిశాక ఎవరికీ చెప్పకుండా చోటు మార్చెయ్యకండి. డాక్టరుకి చెప్పి, డోసు అడిగి మార్చండి. మొదటి రెండు వారాలూ షుగరు ఇంకాస్త ఎక్కువసార్లు చూసుకోవాలి.

చోటు మార్చడానికి ఒక పద్ధతి చెప్పింది. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలేసి, మిగతా పొట్టని నాలుగు భాగాలు అనుకోవాలి. ఒక వారం ఒక భాగం. ఆ భాగంలో కూడా నిన్న వేసిన చోటుకీ ఇవాళ వేసే చోటుకీ ఒక వేలి వెడల్పు ఎడం ఉండాలి. గడ్డలున్న చోట్లకి అసలు వెళ్లకూడదు. నాకు పొట్ట మీద మంచి చోటు తక్కువ మిగిలింది కాబట్టి రాత్రిది తొడల బయటివైపు వేసుకోమన్నారు. గోడ మీద క్యాలెండరులో ఆ వారం ఏ భాగమో మా కోడలు రాసిపెడుతుంది.

సూది కూడా. మా దగ్గర ఒక సిరంజి రోజుల తరబడి వాడటం మామూలే. సూది మొద్దుబారితే లోపల కండ చీరుకుంటుంది, గడ్డలు కట్టడానికి అదీ ఒక కారణం. ఇప్పుడు ఏ పూటకి ఆ పూట కొత్తది. వాడినవి మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రిలో ఇచ్చేస్తున్నాం. చెత్తబండిలో వేస్తే ఎత్తే వాళ్ల చేతికి గుచ్చుకుంటుంది.

నాది తెల్లగా ఉండే ఇన్సులిన్, 30/70 అని సీసా మీద ఉంటుంది. కదలకుండా పెడితే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది, పైన నీరు తేలుతుంది. అలాగే లాగితే ఒకరోజు నీరు ఎక్కువ, ఒకరోజు మడ్డి ఎక్కువ. రెండు అరచేతుల మధ్య సీసాని పది సార్లు దొర్లించి, పది సార్లు తలకిందులు చేసి, మొత్తం పాలలా అయ్యాకే లాగాలి. కుదుపుతూ గట్టిగా ఊపకూడదు, నురగ వస్తుంది. వేసుకున్నాక అరగంట ఆగి తినాలి. నేను అంతకుముందు కంచం ముందు కూర్చుని వేసుకునేదాన్ని, మా ఇళ్లలో అందరూ అలాగే. తిండి చక్కెరగా మారి రక్తంలోకి వచ్చేటప్పటికి ఇన్సులిన్ ఇంకా దారిలోనే ఉండేదన్నమాట. ఈ అరగంట లెక్క నా రకానికి. భోజనంతో పాటే వేసుకునే కొత్త రకాలు వేరే ఉన్నాయి, మీదేదో అడిగి తెలుసుకోండి.

సిరంజి మూత రంగు కూడా చూసుకోవాలి. మన దగ్గర సీసాలు ఎక్కువగా 40 బలంతో వస్తాయి, అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు, వాటికి ఎర్ర మూత సిరంజి. 100 బలానిది వేరే ఉంది, దానికి నారింజ రంగు మూత. 100 బలం మందుని ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. ప్రాణం మీదకి వస్తుంది. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని షాపులోనే చూసుకుని తీసుకుంటున్నాం.

ఎండల సంగతి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. మా దగ్గర వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇన్సులిన్ వేడికి పాడవుతుంది, పాడయినా చూడటానికి అలాగే ఉండొచ్చు. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజరు కింద పెట్టకూడదు, ఒకసారి గడ్డ కట్టిందంటే పారెయ్యాల్సిందే. మేం తలుపు అరలో పెడుతున్నాం. వాడుతున్న సీసా చల్లటి గదిలో నాలుగు వారాలు ఆగుతుంది, కానీ మే నెలలో మా గది చల్లటి గది కాదు. మా ఊరికి పైన కొండ గ్రామాల్లో ఫ్రిజ్ లేని ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకి ఆసుపత్రిలో చెప్పే ఉపాయం కుండ. పెద్ద కుండలో తడి ఇసుక, దాని మీద చిన్న ముంత, ముంతలో కవరు చుట్టిన సీసా, పైన తడిగుడ్డ, నీడలో ఉంచడం. ఫ్రిజ్ అంత కాకపోయినా గదికంటే చల్లగా ఉంటుంది. రైల్లో వెళ్తే నేను సీసాని తడి తువ్వాలులో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంటాను. ఐసు ముక్కలకి నేరుగా తగలకూడదు.

ఇప్పుడు తిండి. కారణం గడ్డలని తేలాక మా ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేను కూడా. అలాగని తిండితో పని లేదనుకోలేదు. మిషన్ చేతికి వచ్చాక ఎవరి మాటా వినకుండా నా ఒంటినే అడిగి తెలుసుకున్నాను.

షుగరుకి చోడి, అంటే రాగి అంబలి మంచిదని మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఒడియావాళ్లూ మాండియా జావు అంటూ అదే చెబుతారు. పెద్ద గ్లాసుతో తాగి చూస్తే రెండు గంటలకి నాకు అన్నం తిన్నంత షుగరే వచ్చింది. చోళ్లు మంచివే, పీచూ కాల్షియమూ ఉన్నాయి. కానీ మెత్తటి పిండిని ఉడికించి జావ చేశాక తొందరగా అరిగిపోతుంది. ఇప్పుడు చిన్న గ్లాసు, పక్కన గుప్పెడు వేరుశనగలో, ఒక గుడ్డో. చపాతీ కూడా అంతే. రాత్రి నాలుగు చపాతీలు తిని షుగరు కంట్రోల్ చేస్తున్నామనుకునే ఇళ్లు ఎన్నో చూశాను. పిండి పిండే. సాయంత్రం ముఢీ, అంటే మరమరాలు, తేలిగ్గా ఉంటాయని గిన్నెడు తినేదాన్ని. అవి షుగరుని అన్నం కంటే తొందరగా ఎక్కించాయి. వేసవిలో తరవాణి, అంటే పులియబెట్టిన నీళ్ల అన్నం మాత్రం వదల్లేదు. తేట ఎక్కువ, అన్నం రెండు గరిటెలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పక్కన వేయించిన చిన్న చేప.

అన్నం మానలేదు. మానితే నిలబడలేను, మావి అన్నం ఇళ్లు. ముందు కూర తినేస్తాను, తర్వాత పప్పు గానీ పక్కింటి ఆవిడ నేర్పిన దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) గానీ గిన్నెడు, అన్నం సగానికి సగం. తిన్నాక పావుగంట వీధిలో నడుస్తాను. ఈ నడక వల్ల నాకు నలభై యాభై తగ్గుతోంది, పుస్తకంలో స్పష్టంగా కనబడుతోంది. ఒడియావాళ్ల రజో పండక్కి పక్కింటి నుంచి పోడపిఠా, అంటే కాల్చిన తీపి పిండివంట వస్తే చిన్న ముక్క తింటాను, తిన్నానని రాసుకుంటాను. ఇప్పుడు ఎవరికీ దాచక్కర్లేదు.

డాక్టరు డోసు సరిచేస్తూనే కళ్లు, కాళ్లు, కిడ్నీలు చూపించుకోమన్నారు. కళ్లు ముందు చూపించమనడానికి కారణం ఉంది. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగరు గబగబా దిగితే, రెటీనా, అంటే కంటి లోపల వెనక ఉండే పొర, అప్పటికే దెబ్బతిన్నవాళ్లకి కొన్నాళ్లు కంటి సమస్య ముదరొచ్చు. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి చూశారు. ఆ రోజు ఎండలో కళ్లు తెరవలేకపోయాను, తోడు మనిషి ఉండాలి. రెటీనా మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు మొదలయ్యాయన్నారు. ఇంకా లేజరు అవసరం లేదు. కంటి చూపు బాగానే ఉన్నా లోపల ఇది నడుస్తుంటుంది కాబట్టి ఏడాదికోసారి పాప పెద్దది చేసి చూడాల్సిందే.

కిడ్నీ పరీక్ష అంటే మా ఇంట్లో అందరికీ గుండె జారింది. ఉద్దానం మాకు ఎంత దూరం? అక్కడ చుట్టాలున్నారు, డయాలసిస్‌కి తిరిగే ఇళ్లు చూశాం. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొంచెం పోతోందని రాగానే మా ఆయన కుర్చీలో కూలబడిపోయారు. డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు. షుగరు వల్ల వచ్చే కిడ్నీ దెబ్బ చాలామందిలో ముందు ఇలా ఆల్బుమిన్‌గా బయటపడుతుంది, ఈ దశలో షుగరూ బీపీ అదుపు చేస్తే నిలబెట్టొచ్చు. కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష, క్రియాటినిన్, మామూలుగానే ఉంది. బీపీ మాత్ర ఒకటి మార్చారు. మోకాళ్ల నొప్పులకి షాపులో అడిగి వేసుకునే నొప్పి మాత్రలు ఆపమన్నారు. కిడ్నీలకి వాటి వల్ల హాని, మా ఊళ్లో వాటిని చాలామంది వాడుతున్నారు.

కాళ్ల పరీక్ష చాలా చిన్నది. కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంతో అరికాలి మీద అక్కడక్కడ తాకి, తెలిసిందా అని అడిగారు. ఎడమ బొటనవేలి కింద తాకింది నాకు తెలియలేదు. అప్పటినుంచి ఇంట్లో కూడా చెప్పులు. రాత్రి పడుకునే ముందు అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. గుడికి వెళ్తే ఎండలో ప్రదక్షిణ లేదు, తెల్లవారుజామునే వెళ్లొస్తున్నాను.

వానాకాలంలో జ్వరం వచ్చింది. రెండు రోజులు నోట్లోకి ముద్ద పోలేదు. తినలేదు కదా, ఇన్సులిన్ ఎందుకు అనిపిస్తుంది ఎవరికైనా. నర్సమ్మకి ఫోన్ చేస్తే పూర్తిగా మానెయ్యొద్దంది. జ్వరంలో తినకపోయినా షుగరు పెరుగుతుందట. నాలుగైదు గంటలకోసారి చూసి చెప్పమంది, డాక్టర్ని అడిగి డోసు తగ్గించి వేయించింది. గంజి, మజ్జిగ కొంచెం కొంచెంగా తాగమంది. వాంతులు ఆగకపోయినా, ఊపిరి గట్టిగా ఎగబీల్చినా, మత్తుగా ఉన్నా ఇంట్లో ఉండకుండా ఆసుపత్రికి వచ్చెయ్యాలని మా అబ్బాయికి చెప్పింది. షుగరు 70 కంటే పడిపోతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. అప్పటికీ ఎక్కకపోతే మళ్లీ అంతే. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు. ఇవన్నీ మా కోడలికి ఇప్పుడు నోటికి వచ్చు.

మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 8.6. ఆ తర్వాతది 7.4. డోసు పెరగలేదు, ఇంకో 2 యూనిట్లు తగ్గింది. చాలామందికి 7 లోపు ఉండాలంటారు. నాకు ఇదివరకు లో షుగర్లు వచ్చాయి కాబట్టి ఇంకా దించాలని తొందరపడొద్దు, ఇక్కడ నిలబెడదామన్నారు డాక్టరు. రాత్రి ఒకసారి లేస్తే ఎక్కువ. దురద మళ్లీ రాలేదు. కళ్లద్దాలు ఇప్పుడు చేయించుకున్నాను, ఆ షాపాయన దగ్గరే. అరికాళ్ల మంట తగ్గింది గానీ బొటనవేలి కింద స్పర్శ రాలేదు, అది తిరిగి రాకపోవచ్చు అన్నారు.

పాతపట్నంలో ఉండే మా బావగారు కూడా ఏళ్లుగా ఇన్సులిన్ మీదే ఉన్నారు. ఆయనకీ డోసు పెరుగుతూనే ఉంది, షుగరు మాత్రం దిగదు. మా అక్క రోజూ ఆయన తిండి మీద గొడవ పడుతుంది. పోయిన నెల వెళ్లినప్పుడు అక్కకి నా పొట్ట మీద గడ్డ చెయ్యి పట్టి చూపించి, బావగారివి కూడా తడిమి చూడమన్నాను. ఎడమ వైపు ఉంది. డోసు ఆయనంతట ఆయన మార్చుకోవద్దని, ముందు డాక్టర్ని కలవమని చెప్పి వచ్చాను. రెండు వారాల షుగరు లెక్క రాసుకోవడానికి మా అబ్బాయి ఆయనకీ పుస్తకంలో గళ్లు గీసిచ్చాడు.